గ్రూపులో దండం బొమ్మలు

ఇప్పుడు ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు. ఫోను చేతిలోనే ఉంటుంది, బొటనవేలు దాని మీదే తిరుగుతూ ఉంటుంది. గంట మోగితే మాత్రం ఒళ్ళో తేలు పడినట్టు చూస్తారు. మోగి మోగి అదే ఆగేదాకా ఊరుకుని, తరువాత తీరిగ్గా "ఏటి?" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క పంపుతారు. మాట్లాడడానికి కనిపెట్టిన వస్తువులో మాట్లాడడం మర్యాద కాదని ఎవరు నిర్ణయించారో, ఎప్పుడు నిర్ణయించారో నాకు తెలియదు. నేను ఒడిశాలోని ఛత్రపురంలో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినంతకాలం, ఒక పద్ధతి మారాలంటే ముందు దానికి ఉత్తర్వు వచ్చేది. దీనికి ఏ ఉత్తర్వూ రాలేదు.

ఎత్తకపోతే పోనీ, రాస్తాను అనుకున్నాను. రాయడం నాకు కష్టం కాదు. కుర్రతనం నుంచి పడుకోబోయే ముందు డైరీ రాసే అలవాటు ఉన్నవాణ్ణి. మా కుటుంబానికి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. బరంపురంలో నాతోనే ఉండే కొడుకు, కోడలు, కాలేజీలో చదివే మనవరాలు, బడా బజార్‌లో బట్టల కొట్టు నడిపే మా తమ్ముడి కొడుకు, అస్కాలో ఉండే మా అప్ప, ఇంకా కొందరు దగ్గరి బంధువులు అందులో ఉన్నారు. అప్ప అంటే అక్క. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

ఆ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒకటి రాసి పెట్టేవాణ్ణి. ఆనాటి తిథి, ఎండ ఎలా ఉండబోతోందో, ఆరోగ్యానికి పనికొచ్చే ముక్క ఒకటి, చివర పాత డైరీలోంచి తీసిన ఓ జ్ఞాపకం. పెనుగాలికి మా ఇంటి పెంకులు లేచిపోయిన సంగతి, చిన్నప్పుడు గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్ళిన సంగతి, అలాంటివి. చూపుడువేలితో ఒక్కొక్క తెలుగు అక్షరమే వెతికి నొక్కాలి కాబట్టి కాఫీ తాగాక మొదలుపెడితే స్నానం వేళ దాటేది. ఇలా పెట్టగానే అలా దండం బొమ్మలు వచ్చేవి. కొడుకు దండం, కోడలి దండం, తమ్ముడి కొడుకు దండం, కొందరివి బొటనవేళ్ళు. అందరూ చదువుతున్నారు, సంతోషం, అనుకునేవాణ్ణి. మనిషి మామూలుగా అలాగే అనుకుంటాడు.

అప్ప మాత్రం దండం పెట్టేది కాదు, రాసేది కాదు. కళ్ళు సరిగా కనబడక నోటితో చెప్పి, ఆ మాటే రికార్డు చేసి పంపేది. ఒక్కో మాట ఎంత పొడుగని! అందులో కుక్కరు కూత వేసేది, కోడి అరిచేది, మధ్యలో పక్కింటావిడతో ఒడియాలో వంకాయల గురించి మాట్లాడి మళ్ళీ మన దగ్గరికి వచ్చేది. సగం విన్నాక విషయం ఏమిటో నాకు తెలిసేది కాదు. "అప్పా, చెప్పదలచింది రెండు ముక్కల్లో చెప్పు" అని ఎన్నిసార్లో చెప్పాను. "రెండు ముక్కలైతే ఫోనెందుకురా, కార్డు ముక్క సాలదా?" అనేది.

అప్ప నాకంటే పెద్దది. బావ అస్కా పంచదార మిల్లులో పనిచేసేవాడు. ఆయన పోయాక, పిల్లలు లేకపోయినా, ఆమె ఆ ఊరు వదలలేదు. మా ఇంటికి వచ్చేయమంటే, "మీకు తలుపు తీస్తే రోడ్డు, నాకు తలుపు తీస్తే మనుసులు" అని కొట్టిపారేసేది. రెండు కళ్ళలోనూ శుక్లాలు పండిపోయాయి. పొయ్యి వెలిగిందో లేదో మంట చూసి కాక, చెయ్యి దగ్గర పెట్టి సెగను బట్టి తెలుసుకునేది. ఆపరేషన్ అంటే ఒప్పుకునేది కాదు.

"సెవి కోస్తామంటే కోయించుకుంటాను. సెవి సూడదు. కంటికి కత్తి పెడతంటే ఆ కన్నే సూస్తాది గదరా!" అనేది. 

చివరికి ఒకరోజు అలా సెగ చూడబోయి చెయ్యి బొబ్బలెక్కింది. అప్పుడు ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఎంత బతిమాలితే వచ్చిందో నాకు తెలుసు. మళ్ళీ మనసు మారేలోపల బరంపురంలోని కంటి ఆసుపత్రిలో తేదీ తీసుకున్నాను.

ఏర్పాట్లు నేనే చేశాను. ఏ పనైనా ముందుగా కాగితం మీద అనుకుని చేయడం నా పద్ధతి. తెల్లవారకముందే నేను ఆసుపత్రికి వెళ్ళి వరసలో నిలబడి పేరు రాయించాలి. తమ్ముడి కొడుకు తన కారులో అస్కా వెళ్ళి అప్పను తీసుకురావాలి. "ఒకరోజు అత్తను తేవాలిరా" అని వాడితో ముందే అనుకున్నాను. వాడు "హఉ పెద్నాన్నా, ఏ రోజో సెప్పు, ఎల్తాను" అన్నాడు. హఉ అంటే సరేనని. మా ఇళ్ళలో ఇద్దరు మాట్లాడుకుంటే అందులో ఒకటి రెండు ఒడియా మాటలు దొర్లకుండా ఉండవు.

ముందురోజు సాయంత్రం గ్రూపులో వివరంగా రాశాను. ఎన్ని గంటలకు బయలుదేరాలి, పాత మందుల చీటీ ఏ సంచీలో ఉంది, పొద్దున్న ఏమి తినవచ్చు, కంటిలో చుక్కలు ఎవరు వేయాలి, అన్నీ. తమ్ముడి కొడుకు అందరికంటే ముందు దండం పెట్టాడు. ఆ వెనక కొడుకు, కోడలు, మిగతావాళ్ళు. అంతా చూశారు కదా అని తృప్తిగా అప్పకు ఫోను చేశాను. మొదటి గంటకే ఫోను ఎత్తే మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే. "రేపు తెల్లారేసరికి నీ మేనల్లుడు కారు తెస్తాడు, తయారుగా ఉండు" అన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో పేరు రాయించి, బల్ల మీద కూర్చుని వాడికి ఫోను చేశాను. ఎత్తలేదు. బండి నడుపుతున్నాడు కాబోలు, మంచిదే, అనుకుని "బయలుదేరావా?" అని రాశాను. దండం బొమ్మ వచ్చింది. ఇంకాసేపు ఆగి "ఎంతవరకు వచ్చారు?" అని రాశాను. బొటనవేలు వచ్చింది. బల్ల దగ్గర పేర్లు పిలిచే అమ్మాయికి, దారిలో ఉన్నారమ్మా అని చెప్పాను. ఆ అమ్మాయి ఇద్దరు ముగ్గురిని లోపలికి పంపి, "ఇంకా దారిలోనేనా మౌసా?" అని, బాబాయిగారూ అన్నట్టుగా, ఒడియాలో అడిగింది. దారిలోనే అన్నాను.

ఈలోగా అప్ప ఫోను.

"ఒరే, ఆడింకా రాలేదురా."

"దారిలో ఉన్నాడప్పా."

"ఏ దారి? కలకత్తా దారా?"

మళ్ళీ వాడికి ఫోను చేశాను. మళ్ళీ ఎత్తలేదు. "ఏమైంది?" అని రాస్తే మళ్ళీ దండం. నాకు ఒళ్ళు మండింది. ఆనాటి ఆపరేషన్ల వరస ముగిసిందని ఆ అమ్మాయి కాగితం తిరగేసింది. నేను ఆటో ఎక్కి నేరుగా బడా బజార్ వెళ్ళాను.

వాడు కొట్లోనే ఉన్నాడు. ఎవరో పెళ్ళివారికి చీరలు విప్పి చూపిస్తున్నాడు.

"రా పెద్నాన్నా, కూకో. ఏటి, పొద్దున్నుంచీ అన్నిసార్లు ఫోను సేసినావు? టీ సెప్పనా?"

"అత్తేదిరా?"

"ఏ అత్త?"

"అస్కా అత్త! నిన్న సాయంత్రం రాసేను గదా! దండం పెట్టేవు గదా! ఇందాక ఎక్కడున్నావంటే బొటనవేలు సూపించేవు!"

వాడి చేతిలో చీర జారిపోయింది. "అత్త ఆపరేషను ఇవాళా?" అన్నాడు. "నాకేటి తెలుసు పెద్నాన్నా, నువ్వు రోజూ పెడతావు గదా... ఇదీ అలాటిదే అనుకున్నాను."

"సదివితే తెలిసేది."

వాడు కొట్లో ఉన్న జనం వైపు చూసి, నా దగ్గరికి వంగి గొంతు తగ్గించి, "నాకు తెలుగు సదవడం రాదు పెద్నాన్నా" అన్నాడు.

ఇంటికి వచ్చి ఒక్కొక్కరినీ అడిగాను. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"మేం ఒడియా బడిలో సదివేం గదా మావయ్యా. మాటాడతాం గానీ అచ్చరాలు రావు."

"మరి ఆ దండాలేటి?"

"పెద్దోరు ఏదో రాసేరు. దండం పెట్టకపోతే బాగుంటాదా?"

ఈ మాటకు ఎవరైనా ఏమి చేయగలరు? తిట్టడానికి కూడా వీలులేని మాట. కొడుకును అడిగితే, "నువ్వు నేర్పలేదు గదా నాన్నా" అన్నాడు. నేర్పడానికి కూర్చోబెడితే పలక వదిలేసి బంతి పట్టుకుని పారిపోయింది ఎవరో వాడికి గుర్తు లేదు. మనవరాలు ఒక్కతే నిజం చెప్పింది. "ఫోనే తర్జుమా సేసి పెడతాది తాతా. మొదట్లో నొక్కి సూసేను. ఎప్పుడు నొక్కినా దశమి, మిరియాల కషాయం. రెండు దినాలు సూసి ఒగ్గేసేను."

ఇంతకాలం నేను రాసినవన్నీ, పెంకుల సంగతి, సముద్రం సంగతి, తిథులు, కషాయాలు, గాలికి పోయాయన్నమాట. ఆశ్చర్యపోవలసింది లేదు. మా ఊళ్ళో తెలుగు ఇంట్లో మాట్లాడతారు, ఒడియా బడిలో నేర్చుకుంటారు, ఇంగ్లీషు ఉద్యోగం కోసం నేర్చుకుంటారు. తెలుగు బడికి పోయి అక్షరాలు దిద్దినవాళ్ళం మా ఇంట్లో అప్పా నేనూ ఇద్దరమే మిగిలాం. అప్పకు అక్షరం కనబడదు. అంటే నేను రాసినదాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. డైరీ రాసుకోవడానికి నాకు గ్రూపు ఎందుకు?

ఆ సాయంత్రం అప్పకు ఫోను చేస్తే ఎత్తలేదు. మొదటి గంటకే ఎత్తే మనిషి, ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. తమ్ముడి కొడుకు చేసినా అంతే. మర్నాడు బస్సెక్కి అస్కా వెళ్ళాను.

అరుగు మీద కూర్చుని ఉంది. ఫోను చెవికి ఆనించుకుని ఎవరిదో మాట వింటోంది. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

"ఎవులది?"

"నేనే అప్పా."

"ఓహో. దారి దొరికిందేటి?"

జరిగిందంతా చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు.

"ఒక్కడికీ తెలీదా నువ్వు రాసేది? ఇన్నాళ్ళూనా?"

"తెలీదు."

"మరి ఆ దండాలు?"

"మర్యాదకట."

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా ఆగలేదు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "నవ్వేనని వస్తాననుకోకు. నాను రాను" అంది.

"అదేంటప్పా?"

"ఏటంటే... ఈది ఈదంతా సెప్పుకున్నాను. పక్కింటామె నా తులసికోటకి నీళ్ళు పోస్తానంది. ఎదురింటామె అరటిపళ్ళు తెచ్చి సేతిలో పెట్టింది. తలంటుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఈ అరుగు మీదే కూకున్నాను. ఎవులు పోయినా 'ఇంకా ఎల్లలేదేటి?' 'ఎవులూ రాలేదేటి?' కళ్ళు అగుపడకపోయినా నాకు మొకం ఉన్నాది గదరా. మల్లీ ఏ మొకం పెట్టుకుని ఆపరేషనుకి ఎల్తన్నానని సెప్పను?"

ఆమెకు కత్తి భయం కూడా ఇప్పుడు లేదు. వీధి ముందు తేలికైపోయానన్న బాధ ఒక్కటే. భయమైతే డాక్టరు గారి చేత చెప్పించవచ్చు. దీనికి ఎవరి చేత చెప్పించాలి? నేను ఎన్ని విధాలుగానో చెప్పాను. తేదీ మళ్ళీ ఇస్తారన్నాను, నేనే వచ్చి తీసుకెళ్తానన్నాను, ఆలస్యమైతే కన్ను పాడవుతుందన్నాను. ఆమె చీర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. చెయ్యి మీద బొబ్బలు ఇంకా మానలేదు.

చివరికి, "ఒక పని సెయ్యి" అంది. "గ్రూపులో నోటితో సెప్పు. రాయొద్దు. ఒస్తానన్నోడు కూడా నాకు నోటితోనే సెప్పాల. నాను ఇనాల. అప్పుడు సూద్దాం."

"ఫోను పట్టుకుని నాలో నేను మాట్లాడుకోవడం నా వల్ల కాదప్పా. పిచ్చివాడిలా ఉంటుంది."

"మరైతే రాసుకో. నాను ఎక్కడికీ ఎల్లను, ఇక్కడే ఉంటాను."

ఏమి చేస్తాను? జేబులోంచి కాగితం తీసి, చెప్పవలసింది ముందు రాసుకుని, బొత్తాం నొక్కిపట్టి చదివాను. "అందరికీ తెలియజేయునది ఏమనగా, మన అప్పగారి నేత్ర చికిత్స నిమిత్తం..."

"సాలు, సాలు!" అంది అప్ప. "తుపాను వస్తాదని మైకులో సెప్పినట్టున్నాది. మనుసులాగ మాటాడు."

రెండోసారి వేలు జారి సగంలో తెగిపోయింది. ఆ తరువాత బాగానే వస్తూ ఉండగా ఎదురింటావిడ వచ్చి ఒడియాలో, తమ్ముడెప్పుడు వచ్చాడని అడిగింది. ఆవిడకు అప్ప జవాబు చెప్పింది. అదంతా రికార్డయింది. మళ్ళీ మొదలు. ఈసారి నాకే మాట తడబడింది.  అప్ప నా ముందు, నన్ను కాక నా పక్కనున్న స్తంభం వైపు చూస్తూ, చెవి మాత్రం నా వైపు పెట్టి కూర్చుని ఉంది. నాకు అందరి మీదా, ఆ ఫోను మీదా, ఆ దండాల మీదా ఒక్కసారిగా కోపం వచ్చింది.

"ఒరే, అప్ప కళ్ళు పోతన్నాయిరా. దండాలు పెట్టొద్దు. ఎవులో ఒకరు రండి!"

అన్నాను, వేలు తీసేశాను. అది వెళ్ళిపోయింది. చెరిపేద్దామని చూస్తే అప్ప నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఉంచు. ఇన్నేళ్ళకి నీ నోటంట ఒక మాటొచ్చింది."

జవాబులు ఇక రావేమో అనుకునేలోపల వరసగా వచ్చాయి. కోడలిది, ఏడుపు గొంతు. కొడుకుది, హోటల్లో పని వదిలి తానే వస్తానని. వాడికి గోపాల్‌పూర్‌లో ఉద్యోగం. అందరికంటే చివర తమ్ముడి కొడుకుది. "అత్తా, నాను. ఏ రోజంటే ఆ రోజు, తెల్లారకముందే నీ గుమ్మంలో ఉంటాను. రాకపోతే నా కొట్టుకి నువ్వే తాళం ఎయ్యి. తప్పైపోయింది అత్తా."

అప్ప ఆ మాటను మళ్ళీ విని, ఫోను గొంతు బాగా పెంచమంది. పెంచాను. గోడ పట్టుకుంటూ లేచి, ఎదురింటి గుమ్మం దాకా నడిచి, ఎదురింటావిడకు వినిపించింది. అక్కడి నుంచి పక్కింటికి. అక్కడి నుంచి వీధి చివర కిరాణా కొట్టుకి. నేను వెనకే, పడిపోతుందేమోనని చెయ్యి చాచుకుని. వాడు తప్పైపోయిందన్న చోట ప్రతి గుమ్మంలోనూ ఆగి, "ఇన్నారా? మా మేనల్లుడు" అని చెప్పింది. కిరాణా కొట్టు మనిషి ఒడియావాడు, తెలుగు అంతంతమాత్రం. అయినా ఆయనకూ వినిపించింది. ఎర్రటి ఎండలో వీధి మొత్తం తిరిగి వచ్చాక అరుగు మీద కూలబడి, "ఎప్పుడంట తేదీ?" అంది.

తేదీ వచ్చిన రోజున వాడు చెప్పినట్టే చీకటితో వెళ్ళాడు. నేనూ కారులో వెళ్ళాను. ఈసారి ఏ బొమ్మనూ నమ్మదలచుకోలేదు. పేరు రాయించే పని కొడుకు చూశాడు. మేం వెళ్ళేసరికి ఆమె తయారుగానే ఉంది కాని, ఎదురింటావిడ లేచి చూసేదాకా కారు ఎక్కనంది. బేగి రమ్మని వాడు ఎంత మొత్తుకున్నా సరే, పక్కింటి తలుపు కూడా తెరుచుకున్నాకనే కాలు లోపల పెట్టింది. ఆలస్యమవుతుందని నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

ముందు ఒక కంటికి చేశారు, ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు కాసేపు రెప్పలాడించి, నన్ను కిందినుంచి పైకి చూసి, "ఆ సొక్కా ఏటిరా, రంగే అదా, మాసిందా?" అంది. రంగే అది.

రెండో కన్ను కూడా అయ్యేదాకా అని మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఫోను ఎక్కువగా చూడవద్దని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. ఆమె చూసింది. గ్రూపు తెరిచి, పైకి పైకి జరుపుకుంటూ పోయి, నేను ఇన్నాళ్ళూ పెట్టినవన్నీ ఒక కన్నుతో చదవడం మొదలుపెట్టింది. నేను గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగాను. ఎవరైనా తిరుగుతారు.

"దీనికేనేట్రా నా కన్ను కోయించేవు?" అంది కొంతసేపటికి. ఇంకాస్త పైకి జరిపి, "ఈ సముద్రం సంగతి బాగుందిరా" అంది.

అంతటితో ఊరుకోలేదు. బొత్తాం నొక్కిపట్టి గ్రూపులో అందరికీ దాన్ని చదివి వినిపించడం మొదలుపెట్టింది. చదవడం అంటే చదవడం కాదు. తిథులు వదిలేస్తుంది, "ఇది కేలండర్లో ఉంటాదిలే" అని. కషాయాలు వదిలేస్తుంది. నేను ఒక వాక్యంలో ముగించినదాన్ని తాను పది వాక్యాలు చేస్తుంది. అల పట్టుకుపోయిన చెప్పు ఆమెదని నేను ఆనాటి డైరీలోంచి చూసి రాశాను. "ఇది అబద్దం, పోయిన సెప్పు ఈడిది, ఏడిసింది కూడా ఈడే" అని కలిపింది. మనవరాలు కాలేజీ నుంచి "మామ్మా, మరేటయ్యింది?" అని గొంతుతో అడుగుతుంది. తమ్ముడి కొడుకు కొట్లో చీరలు మడతపెడుతూ వింటున్నాడట. వచ్చినవాళ్ళు కూడా వింటున్నారట. నా మాటలు చివరికి అందరికీ చేరుతున్నాయి, నేను రాసినట్టు మాత్రం కాదు.

నిన్న నేను, "రెండో కంటికి తేదీ తీసుకోవాలి, ఏ వారం వీలవుతుంది?" అని అడగబోతే, చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమె రికార్డు చేస్తున్నప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదట. కోడలు ఫ్యాను ఆపేసింది, కుక్కరు దించేసింది. నేను చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చుని, ఆమె ఆ బొత్తాం మీద నుంచి వేలు ఎప్పుడు తీస్తుందా అని చూస్తూ ఉన్నాను.